పార్లమెంటును చదవడం – 3వ పాఠం: క్రియ ఎక్కడుంది?

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. బిల్లు మీద సాధారణ చర్చ అయ్యాక ఒక్కో క్లాజునూ, అంటే బిల్లులో అంకె వేసిన ఒక్కో భాగాన్నీ, విడివిడిగా సభ ముందు పెడతారని చెప్పుకున్నాం. వాటిలో అన్నిటికన్నా చివర ఓటుకు వచ్చే క్లాజు ఏదో కనుక్కోమన్నాను. జవాబు: మొదటిది. రెండో క్లాజుతో మొదలుపెట్టి చివరిదాకా పోయి, షెడ్యూళ్లు (చివర జతచేసే పట్టికలు) కూడా అయ్యాక, వెనక్కి వచ్చి మొదటి క్లాజునూ, శాసన వాక్యాన్నీ, బిల్లు పేరునూ ఆమోదిస్తారు. మొదటి క్లాజులో ఉండేది పేరు, ఎక్కడ వర్తిస్తుంది, ఎప్పటినుంచి అమలు అన్న సంగతులే. లోపల ఏ సరుకు మిగిలిందో తేలకుండా డబ్బా మీద చీటీ అంటించరు కదా. బిల్లు డిసెంబరులో వచ్చి మార్చిలో గట్టెక్కితే పేరులోని సంవత్సరం మారాలి, "భారత గణతంత్రం ఇన్నో ఏట" అనే శాసన వాక్యంలో అంకె మారాలి. ఆ సవరణలు కూడా ఈ ఆఖరి ఘట్టంలోనే పడతాయి.

ఇంకో చిన్న సంగతి. సభలో ఉన్నంతసేపూ అది 'క్లాజు'. రాష్ట్రపతి సంతకం పడ్డ రోజునుంచి అదే 'సెక్షన్'. ఎవరైనా బిల్లులో ఫలానా సెక్షన్ అని మాట్లాడుతుంటే ఆ మనిషి కాగితం తెరవలేదని నేను మనసులో అనుకుంటాను. అన్నిసార్లూ నిజం కాకపోవచ్చు, చాలాసార్లు నిజమే అయింది.

ఇక ఈ వారం పని. చట్టంలోని ఒక వాక్యాన్ని చదివి అది ఎవరిని ఎంత కట్టేస్తుందో చెప్పగలగాలి. ఆ తర్వాత ఆ కట్టు నిలిచిందా తెగిందా అని పార్లమెంటు ఎలా వాకబు చేస్తుందో చూడాలి. ఈ రెండూ వేరువేరు విద్యలని పుస్తకాల్లో వేరువేరు అధ్యాయాలుగా రాస్తారు. నాకు అవి ఒకటే విద్య అనిపిస్తుంది. చట్టంలో క్రియ ఎలా ఉందో తెలియకపోతే మంత్రిని ఏం అడగాలో తెలియదు.

సాధనకు ఒకే చట్టం తీసుకుందాం: ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014. ఎవరికి న్యాయం జరిగింది, ఎవరికి అన్యాయం జరిగింది అన్న పంచాయితీ ఇక్కడ పెట్టడం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం పేరు వినని ఇల్లు లేదు, చదివిన ఇల్లు మాత్రం అరుదు. అందుకని దీన్ని ఎంచుకున్నాను. తేదీలు ఒకసారి గుర్తు చేసుకోండి. అసెంబ్లీ అభిప్రాయం కోసం పంపిన ముసాయిదాను 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం అడగాల్సింది అభిప్రాయమే, అంగీకారం కాదు, కాబట్టి బిల్లు ఆగలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం, జూన్ 2న అమలు.

చట్టం ప్రతిని తెరవండి. ఇంగ్లీషులోనే చదవాలి, ఎందుకంటే పేచీ అంతా ఆ మాటల మీదే. మన వాక్యంలో క్రియ చివర్లో ఉంటుంది, అది వచ్చేదాకా చెవి ఒగ్గి వినడం మనకు అలవాటు. ఇంగ్లీషు చట్టవాక్యంలో అది మొదట్లోనే ఎక్కడో కర్త పక్కన దూరి ఉంటుంది, తర్వాత వచ్చే పెద్దపెద్ద నామవాచకాల మోతలో వినపడదు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, రైల్వే జోన్ అన్న మాటలు కంటపడగానే మనసు అక్కడే ఆగిపోతుంది. అందుకని పెన్సిలు పట్టుకుని ముందు క్రియ కింద గీత గీయండి. మిగతాదంతా ఆ తర్వాతే చదవండి.

90వ సెక్షన్‌తో మొదలుపెడదాం. పోలవరం సాగునీటి ప్రాజెక్టును 'ఇందుమూలంగా జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించడమైనది' అని ఉంటుంది. ఇది అన్నిటికన్నా బలమైన క్రియ. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, వాక్యం అమల్లోకి రావడమే పని జరగడం. పెళ్లిలో తాళి కట్టడం లాంటిది. తర్వాత కాపురం ఎలా సాగిందన్నది, అంటే డబ్బు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది, వేరే కథ. హోదా మాత్రం ఆ వాక్యంతోనే వచ్చేసింది, దాన్ని తీసేయాలంటే మళ్లీ పార్లమెంటుకు రావాల్సిందే.

ఇప్పుడు పదమూడో షెడ్యూలుకు వెళ్దాం. షెడ్యూలు తనంతట తాను నిలబడదు, ఏదో ఒక సెక్షన్ దాన్ని పట్టుకుని ఉండాలి. ఇక్కడ పట్టుకున్నది 93వ సెక్షన్. షెడ్యూలులో చెప్పిన చర్యలన్నీ కేంద్రం పదేళ్లలో తీసుకోవాలని అది అంటుంది. ఆ షెడ్యూలులో దుగరాజపట్నం ఓడరేవు వాక్యం చూడండి. భారత ప్రభుత్వం అక్కడ కొత్త పెద్ద ఓడరేవును 'షల్ డెవలప్', అంటే నిర్మించి తీరాలి, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలి. కర్త ఉన్నాడు, పని ఉంది, గడువు ఉంది. ఇంతకన్నా గట్టి వాక్యం రాయడం కష్టం.

దాని పక్కనే కడప ఉక్కు వాక్యం. కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లోగా వైఎస్సార్ జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం... ఇక్కడిదాకా వచ్చేసరికి మన కన్ను వాక్యాన్ని తానే పూర్తి చేసేసుకుంటుంది. కానీ అక్కడున్న క్రియ 'షల్ ఎగ్జామిన్'. అంటే కర్మాగారం సాధ్యాసాధ్యాలను పరిశీలించి తీరాలి. తప్పనిసరి చేసింది పరిశీలననే, కర్మాగారాన్ని కాదు. సెయిల్ పరిశీలించి, గిట్టుబాటు కాదని తొలి నివేదిక ఇచ్చింది. జనానికి అది మాట తప్పడం, చట్టానికి మాత్రం మాట నిలబెట్టుకోవడం. ఖమ్మం ఉక్కుదీ ఇదే క్రియ, తెలంగాణ రైలు పెట్టెల కర్మాగారానిదీ ఇదే క్రియ.

నేను పత్రిక డెస్కులో పనిచేసే రోజుల్లో ఈ గుంటలోనే పడ్డాను. ఆ షెడ్యూలు సారాంశం తెలుగులో పెట్టమన్నారు. రాత్రి ఎడిషన్ వేళ దగ్గరపడుతోంది. 'సాధ్యాసాధ్యాల పరిశీలన' అంటే శీర్షికలో పట్టదు, పైగా చప్పగా ఉంటుంది. 'ఉక్కు కర్మాగారం ఏర్పాటు' అని రాసిపారేశాను. మర్నాడు ఒక రిటైర్డు తహసీల్దారు గారు ఫోన్ చేసి, "బాబూ, మీరు రాసిన కర్మాగారానికి పునాది ఎప్పుడో కూడా రాయాల్సింది" అన్నారు. సవరణ వేశాం గానీ శీర్షిక జనం నోట్లోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి గీత గీయకుండా చట్టవాక్యం ఏదీ చదవలేదు.

రైల్వే జోన్ వాక్యం ఓడరేవు, ఉక్కు వాక్యాల మధ్యలో ఉంటుంది. రైల్వేలు ఆరు నెలల్లో పరిశీలించాలి, ఆపైన 'త్వరితగతిన నిర్ణయం' తీసుకోవాలి. పరిశీలనకు గడువుంది, నిర్ణయానికి లేదు. 'త్వరితం' అంటే ఎన్ని రోజులో చట్టం చెప్పదు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను ప్రకటించింది 2019 ఫిబ్రవరిలో. మీ చట్టంలో విశేషణాలు కనపడితే అక్కడ ఒక ప్రశ్నార్థకం వేసుకోండి. తగిన, త్వరిత, సముచిత, ప్రత్యేక లాంటి మాటలు ఎంత లాగితే అంత సాగుతాయి.

ఇక అన్నిటికన్నా పొంచి ఉండే మాట: 'సబ్జెక్ట్ టు', లోబడి. 26వ సెక్షన్ తెరవండి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్థానాలు 175 నుంచి 225కు, తెలంగాణవి 119 నుంచి 153కు 'పెంచవలెను' అని ఉంటుంది. షల్ ఉంది, అంకెలు ఉన్నాయి. నియోజకవర్గం కోసం ఎదురుచూసిన నాయకులు ఎంతమంది ఈ అంకెల దగ్గరే ఆగి స్వీట్లు పంచుకున్నారో! కానీ వాక్యం మొదలయ్యేదే 'రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి' అని. ఆ అధికరణానికి వెళ్తే, 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడేదాకా రాష్ట్రాల అసెంబ్లీ స్థానాల సంఖ్య సర్దుబాటు చేయనక్కర్లేదని కనిపిస్తుంది. పార్లమెంటులో ఈ మాట ఎవరు ఎప్పుడు అడిగినా హోంశాఖ చూపిస్తూ వచ్చింది ఆ 170నే. 'లోబడి' అన్న మాట కనపడితే వాక్యాన్ని అక్కడే వదిలి, అది దేనికి లోబడిందో ముందు ఆ కాగితం తీయండి. వెనక్కి వచ్చేసరికి చాలాసార్లు వాక్యం సగానికి సగం చిక్కిపోయి ఉంటుంది.

చివరిగా, అసలు చట్టంలోనే లేని క్రియ. ప్రత్యేక హోదా. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో అయిదేళ్ల ప్రత్యేక హోదా ఉంది. చట్టం ప్రతిలో మొదటి పేజీ నుంచి పదమూడో షెడ్యూలు చివరి గీత దాకా వెతకండి, దొరకదు. సభలో ప్రధాని అన్న మాట సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది, దానికి రాజకీయంగా బరువుంటుంది. సెక్షన్‌కు ఉండే బరువు ఉండదు. బిల్లులో సవరణగా పెట్టి ఉంటే, రాజ్యసభ మార్చిన బిల్లు మళ్లీ లోక్‌సభకు పోవాల్సి వచ్చేది. సమావేశాల చివరి రోజుల్లో బిల్లు అలా వెనక్కి పోతే అది గట్టెక్కడానికి సమయమే మిగలకపోవచ్చు.

సరే, దుగరాజపట్నానికి వద్దాం. వాక్యం గట్టిది. 2018 గడిచిపోయింది, అక్కడ ఓడరేవు రాలేదు. అంటే గట్టి క్రియ కూడా తనంతట తాను కదలదు. కదిలించే పని ఎవరిది?

రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం మంత్రివర్గం మొత్తంగా లోక్‌సభకు బాధ్యత పడాలి. అందరూ చెప్పుకునే ఆయుధం అవిశ్వాస తీర్మానం. యాభై మంది సభ్యులు లేచి మద్దతు చెబితే తీర్మానం చర్చకు వస్తుంది. ఈ విభజన చట్టం అమలు మీదే 2018 జూలై 20న తెలుగుదేశం పెట్టిన తీర్మానం చర్చకు వచ్చి, 126కు 325 ఓట్లతో వీగిపోయింది. మెజారిటీ ఉన్న ప్రభుత్వం మీద అవిశ్వాసం గెలవదు, గెలవాలని పెట్టరు కూడా. ఒక రోజంతా ప్రధానిని సభలో కూర్చోబెట్టి జవాబు చెప్పించడానికి పెడతారు. అది పెద్ద సుత్తి. రోజువారీ పని జరిగేది చిన్న స్క్రూడ్రైవరుతో. దాని పేరు ప్రశ్న.

ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. నక్షత్ర గుర్తున్న ప్రశ్నకు మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లోక్‌సభలో రోజుకు అలాంటివి 20, ఉదయం 11 నుంచి 12 దాకా. అన్నీ నోటిదాకా వచ్చే రోజు అరుదు. నక్షత్రం లేనివాటికి రాతపూర్వక జవాబు, రోజుకు 230 దాకా. సభ్యుడు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఎవరిది ముందన్నది లాటరీలో తేలుతుంది.

ప్రశ్న రాయడం ఈ పాఠంలోని రెండో సాధన. లోక్‌సభ నియమాల ప్రకారం ప్రశ్న మామూలుగా 150 మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, మంత్రి అభిప్రాయం అడగకూడదు. నా దగ్గర నేర్చుకునేవాళ్లు మొదటిసారి రాసే ప్రశ్న ఇంచుమించు ఇలా ఉంటుంది:

"2018 నాటికి పూర్తి చేస్తామని చట్టంలో చెప్పి ఆంధ్ర ప్రజలను ఇంత దారుణంగా మోసం చేసినందుకు ప్రభుత్వం సిగ్గుపడుతోందా?"

ఇది సభాకార్యాలయం దాటదు. దాటినా దానికి జవాబు 'లేదు సార్' అన్న రెండు ముక్కలే. కోపాన్ని తీసేయక్కర్లేదు, దాన్ని అంకెల్లోకి మార్చాలి:

"ఓడరేవుల శాఖ మంత్రి చెప్పగలరా: (ఎ) పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలు ప్రకారం దుగరాజపట్నం మొదటి దశకు కేంద్రం విడుదల చేసిన మొత్తం ఏడాదివారీగా ఎంత, (బి) ఆ పనిని నిలిపివేయాలని ఏ తేదీన, ఏ స్థాయిలో నిర్ణయించారు, (సి) అక్కడి ఓడరేవుకు బదులుగా ప్రతిపాదించిన స్థలాలేవి, వాటిపై రాష్ట్రంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల వివరాలు ఏమిటి?"

దీనికి 'లేదు' అనడం కుదరదు. ప్రతి ముక్కకూ ఒక తేదీయో అంకెయో కావాలి. కానీ అవతల కూర్చున్న అధికారులూ తక్కువవాళ్లు కాదు. జవాబు వచ్చాక మొట్టమొదట చూడాల్సింది ఎడమ పక్క అక్షరాలు. '(ఎ) నుంచి (సి) వరకు' అని మూడిటినీ ఒకే మూటగా కట్టి ఒక పేరా రాసిచ్చారంటే, వాటిలో ఏదో ఒక ముక్కకు జవాబు లేదన్నమాట. ఏ ముక్కకు లేదో వేలితో పెట్టి వెతకండి. అసలు సమాచారం ఉండేది ఆ దాచిన చోటే.

రెండోది, క్రియ ఏ కాలంలో ఉందో చూడండి. 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం', 'పరిశీలనలో ఉంది', 'విచారిస్తాను' అన్నవి నీళ్లు నమిలే మాటల్లా కనిపిస్తాయి. నిజానికి ఇవి మంత్రి మెడకు చుట్టుకునే మాటలు. ఇలాంటి మాటల జాబితా ఒకటి ప్రభుత్వ హామీల కమిటీ దగ్గర ఉంటుంది. ఆ జాబితాకు అందే మాట మంత్రి నోటివెంట వచ్చినా, జవాబులో కనిపించినా దాన్ని హామీగా లెక్కవేసి, మూడు నెలల్లో తీర్చమని శాఖ వెంట పడతారు. తీరకపోతే శాఖ గడువు పెంచమని అడుక్కోవాలి, లేదా ఎందుకు వదిలేయాలో కమిటీకి చెప్పుకోవాలి. లోక్‌సభలో ఈ కమిటీ 1953 నుంచి ఉంది. టీవీలో కనిపించదు కాబట్టి దాని ఊసెత్తేవాళ్లు తక్కువ. నాకు మాత్రం పార్లమెంటులో అన్నిటికన్నా తెలుగింటి అమ్మమ్మ లాంటి కమిటీ ఇదే. ఎప్పుడో అన్న మాట పట్టుకుని ఏళ్ల తర్వాత కూడా అడుగుతుంది.

ప్రశ్నకు అంత బలముందా అనేవాళ్లకు 1957 చెప్పాలి. కొత్తగా పుట్టిన ఎల్ఐసీ, ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు దాదాపు 1.24 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ సంగతి మీద లోక్‌సభలో ప్రశ్న పడితే ఆర్థికశాఖ డొంకతిరుగుడు జవాబిచ్చింది. వదలకుండా తవ్వినవాడు ప్రతిపక్షం మనిషి కాదు. పాలకపక్షం సభ్యుడు, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు, ఫిరోజ్ గాంధీ. చివరికి జస్టిస్ చాగ్లా విచారణ, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా.

ఇంకొక్క చోటు చూపించి ఆపుతాను, ఎందుకంటే క్రియలు దాక్కునే చివరి గది అది. చాలా చట్టాల చివరి పేజీల్లో 'కేంద్ర ప్రభుత్వం నియమాలు రూపొందించవచ్చు' అని ఉంటుంది. మొదటి సెక్షన్‌లో 'ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి అమలు' అని ఉంటుంది. సభలు పాస్ చేశాయి, రాష్ట్రపతి సంతకం పెట్టారు, తాళం చెవి మాత్రం ప్రభుత్వం జేబులోనే ఉంది. వ్యక్తిగత డిజిటల్ డేటా చట్టానికి 2023 ఆగస్టులో ఆమోదం వస్తే, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఇది నయం. నివారక నిర్బంధం మీద పరిమితులు పెట్టే 44వ రాజ్యాంగ సవరణ మూడో సెక్షన్ 1978లో పార్లమెంటు ఆమోదం పొందింది. దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇంతవరకూ రానేలేదు. చట్టం ఉంది, క్రియ ఉంది, ఆరంభ ముహూర్తం లేదు. నియమాలు వచ్చాక వాటిని సభ ముందు ఉంచాలి. అవి చట్టం గీసిన గీత దాటాయా అని చూడడానికి ఉపశాసనాల కమిటీ ఉంది. దాని నివేదిక ఎలా చదవాలో అయిదో పాఠంలో.

ఈ వారం సాధన. విభజన చట్టంలో రెండు చోట్లు తెరవండి. ఒకటి 5వ సెక్షన్: హైదరాబాద్ 'పదేళ్లకు మించని కాలం' ఉమ్మడి రాజధాని. ఈ మాట ఆంధ్రప్రదేశ్‌కు పదేళ్ల హక్కు ఇస్తోందా, లేక పదేళ్ల పైకప్పు మాత్రమే వేస్తోందా, మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి. రెండోది 94వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్: కొత్త రాజధానిలో రాజ్‌భవన్, హైకోర్టు, సచివాలయం, అసెంబ్లీ వంటి వసతులకు కేంద్రం ఇవ్వాల్సిన ఆర్థిక సాయం. క్రియ కింద గీత గీయండి, విశేషణం పక్కన ప్రశ్నార్థకం వేయండి, అంకె ఉందేమో వెతకండి. తర్వాత దాని మీద ఆర్థికమంత్రికి 150 మాటల్లోపు ఒక ప్రశ్న రాయండి. మూడు ముక్కలకు మించొద్దు. రాసింది ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు మీరే ఆ శాఖలో అండర్ సెక్రటరీ అనుకుని, తప్పించుకునే జవాబు రాయడానికి ప్రయత్నించండి. ఎక్కడ తప్పించుకోగలిగారో అక్కడ ప్రశ్న దిద్దండి.

వచ్చే పాఠానికి ఏదైనా ఒక శాఖను ఎంచుకుని, దాని గ్రాంట్ల డిమాండు కాగితం, అంటే ఖర్చుకు డబ్బు మంజూరు చేయమని సభను అడిగే కాగితం, దగ్గర పెట్టుకోండి. డిమాండును ఒక్క రూపాయికి కుదించమనే కోత తీర్మానం కథ అక్కడ మొదలవుతుంది.